మామ్మ కోసం రాసిన అర్జీ

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా నిమ్మాడలో మా వీధి బోరింగు చెడిపోయింది. "చదువుకుంటన్నావు కదా, ఓ అర్జీ రాయి" అంది మామ్మ. పేజీ నిండా రాశాను. మా వీధిలోనే ఉండే ఓ మాస్టారు అది చదివి మూడు ప్రశ్నలే అడిగారు. ఎప్పట్నుంచి చెడింది? బాగుచేయాల్సింది ఎవరు? నువ్వు కోరేదేమిటి? ఒక్కదానికీ నా కాగితంలో జవాబు లేదు. తెలుగులో క్లాసు ఫస్టు నేనే!

"సోషల్‌దేముంది, పరీక్ష ముందు బట్టీ పట్టేయొచ్చు" అనే మాట మన ఇళ్లలో ఇప్పటికీ వినబడుతుంది. ఆ ఒక్క మాట పిల్లలకు చేసే నష్టం ఇంతా అంతా కాదు. తెలుగు వేరు, చరిత్ర వేరు, పౌరనీతి వేరు అని గోడలు కట్టి చదివితే మూడూ మార్కుల దగ్గరే ఆగిపోతాయి.

గిడుగు రామమూర్తి పంతులుగారిని చూడండి. 1863లో మన ముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో చరిత్ర పాఠాలు చెప్పేవారు. ముఖలింగం గుడి శాసనాల్లో ఏముందో తెలుసుకోవాలనిపించింది. నేర్పేవాళ్లు లేకపోతే తనే కూర్చుని ఆ పాత లిపి పట్టుకున్నారు. సవర గిరిజనుల మాట విని, వాళ్ల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లల కోసం ఆ భాషలోనే పుస్తకాలు రాశారు. బడి పుస్తకాల్లోని గ్రాంథికం పిల్లలకు అందడం లేదని పండితులతోనూ, అధికారులతోనూ ఏళ్ల తరబడి వాదించారు. ఏటా ఆగస్టు 29న ఆయన ఫొటోకు దండ వేస్తాం. చరిత్ర మాస్టారు భాష కోసం సర్కారు తలుపు ఎందుకు తట్టారని ఒక్క పిల్లవాడైనా అడిగితే ఆ దండకు అర్థం ఉంటుంది.

ఉద్దానం వైపు వెళ్తే మరో పాఠం. 1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ జరిగింది. కొద్దిరోజులకే, ఏప్రిల్ 1న, మందస జమీందారీలోని గుడారి రాజమణిపురంలో అడవి కట్టెల తగాదా కాల్పుల దాకా వెళ్లింది. పట్టుకున్న రైతులను తీసుకుపోతున్న పోలీసులకు అడ్డం నిలిచిన గున్నమ్మ అనే మహిళ అక్కడే ప్రాణం విడిచింది. అప్పుడామె గర్భవతి. ఆమె కథ విన్న పిల్లకు ఒక అనుమానం రావాలి: అడవి జమీందారుది ఎలా అయింది? ఆ అనుమానం పట్టుకుని వెనక్కి పోతే 1802 నాటి శాశ్వత శిస్తు పద్ధతి, ముందుకొస్తే 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం. బట్టీ పట్టిన సంవత్సరం పరీక్ష హాల్లో జారిపోతుందేమో గానీ, గున్నమ్మతో ముడిపడినది ఎక్కడికీ పోదు.

ఇప్పటి పిల్లల చేతిలో 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. పంచాయతీలో అడగాలంటే మన రాష్ట్రంలో రుసుము కూడా లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి. కానీ ఏం అడగాలో, ఎవరిని అడగాలో సూటిగా రాయడం రావాలి కదా. ఇంట్లో పెద్దవాళ్ల తరఫున ఒక్క అర్జీ రాసి చూడండి.

మాస్టారు ఆ మూడు ప్రశ్నలు అడిగిన రాత్రి నేను అర్జీ మళ్లీ రాశాను. అయిదు వాక్యాలే. మామ్మ జీడినూనెకు నల్లబడ్డ వేళ్లు చీర చెంగుకు తుడుచుకుంటూ వింది. మొదటి వాక్యం దగ్గరే ఆపింది. "అట్లతద్దికి కాదురా, దానికి ముందే పాడయింది. దసరాకి నీళ్లు కొనుక్కున్నాం. సరిగ్గా రాయి."