పది రూపాయల ప్రింటుకి ఇరవై మూడు రూపాయల ఖర్చు

కొన్ని నెలల కిందట మా బంధువుల కుర్రాడు ఫోన్ చేశాడు. మండల కేంద్రంలో కాలేజీ ఎదురుగా జెరాక్స్ షాపు పెట్టుకునే పనిలో ఉన్నాడప్పుడు. "అన్నా, కలర్ లేజర్ 20 వేలకే వస్తోంది. పేజీకి పది రూపాయలు తీసుకున్నా 2 వేల పేజీలకి మిషన్ డబ్బులు తిరిగొచ్చేస్తాయి, తీసుకోనా?" అన్నాడు.

"టోనర్ ఎంతరా?" అని అడిగాను.

"మిషన్‌తోనే వస్తుందట కదన్నా."

అప్పు తెచ్చి షాపు పెట్టుకునే చాలామంది ఈ మాట దగ్గరే దెబ్బ తింటున్నారు. అందుకే వాడికి చెప్పిన లెక్కంతా ఇక్కడ రాస్తున్నాను.

మన షాపుల్లో లేజర్ అనగానే గుర్తొచ్చేది 12ఏ కార్ట్‌రిడ్జ్. హెచ్‌పీ 1020లో, అదే కొలతల కార్ట్‌రిడ్జ్ పట్టే కెనాన్ 2900లో ఏళ్ల తరబడి ఆడిన సరుకు అది. దానికి చిప్ లేదు, డ్రమ్ము లోపలే ఉంటుంది, రంగు ఒక్కటే. పౌడర్ అయిపోతే బండి మీద రీఫిల్ కుర్రాడు వచ్చి పది నిమిషాల్లో నింపి కొద్ది వందలు తీసుకుని వెళ్లిపోతాడు. ఆ అలవాటు మీద మనకు లేజర్ అంటే చవక అనే నమ్మకం కుదిరింది. చిన్న కలర్ లేజర్‌కి ఆ లెక్క పనికిరాదు. కార్ట్‌రిడ్జులు నాలుగు, నాలుగింటికీ చిప్పులు, చాలా మోడళ్లలో డ్రమ్ము వేరు, వాడేసిన పౌడర్ పడే డబ్బా వేరు.

కాగితం మీద పెట్టి చూద్దాం. హెచ్‌పీ కలర్ లేజర్ 150 తరహా చిన్న మిషన్‌నే తీసుకోండి. బజార్లో విడిగా కొనే నలుపు టోనర్ 1,000 పేజీలకి, రంగుల టోనర్లు ఒక్కోటి 700 పేజీలకి అని కంపెనీయే చెబుతుంది. పెట్టెలో మిషన్‌తో పాటు వచ్చేవి అంతకన్నా తక్కువ నింపినవి. వాటిని స్టార్టర్ టోనర్లు అంటారు. టోనర్ ధర ఊరినిబట్టి, నెలనుబట్టి మారుతుంది కాబట్టి లెక్క కోసం ఒక్కోటి 4,000 రూపాయలు అనుకుందాం. నలుపుకి పేజీకి 4 రూపాయలు. పసుపు, మెజెంటా, సయాన్ ఒక్కోదానికి 5 రూపాయల 71 పైసలు, మూడూ కలిపి 17 రూపాయలు. మొత్తం 21. డ్రమ్ము నలుపు పేజీలైతే 16 వేలు వస్తుంది, రంగు పేజీలైతే 4 వేలే. ఈ రకం మిషన్‌లో ఒక్క రంగు పేజీ రావాలంటే డ్రమ్ము రంగుకోసారి చొప్పున నాలుగుసార్లు పని చేయాలి మరి. డ్రమ్ము 6,000 అనుకుంటే పేజీకి ఇంకో రూపాయిన్నర. కాగితం 60 పైసలు. 23 రూపాయలు దాటింది. కరెంటు, అద్దె, పాడైన కాగితాలు ఇంకా కలపనే లేదు. పది రూపాయలకి ప్రింటు ఇస్తే పేజీకి 13 రూపాయలు చేతి నుంచి పడుతున్నాయి. గిరాకీ పెరిగేకొద్దీ నష్టమూ పెరుగుతుంది.

మీ మోడల్ టోనర్ ధర, పేజీల సంఖ్య వేసుకుని ఇదే భాగహారం చేసుకోండి.

ఇంకో మాట. ఆ 700 పేజీలు ఎలాంటి పేజీలు? టోనర్ పేజీల లెక్కకి ఐఎస్ఓ 19798 అనే కొలమానం ఉంది. అందులో పేజీ మీద ఒక్కో రంగు సుమారు 5 శాతం మేర పడుతుంది. అంటే ఒక లోగో, నాలుగు గీతలు, కాస్త అక్షరాలు. మన దగ్గరికి అలాంటి పేజీలు వస్తాయా? ఏడో తరగతి పిల్లాడు తెచ్చే ప్రాజెక్టులో చార్మినార్ ఫొటో పేజీ నిండా ఉంటుంది, చుట్టూ పూల బోర్డరు, వెనక నీలం ఆకాశం. ఒక్కో రంగు 15 శాతం పడినా టోనర్ మూడు రెట్లు లాగుతుంది. ఆ పేజీకి టోనర్ ఖర్చే 60 రూపాయలు దాటుతుంది. అప్పుడు 700 అన్నది 230 దగ్గరే ఆగిపోతుంది.

నేను షాపు నడిపిన రోజుల్లో ఇలాంటి మిషన్ ఒకటి కొన్నాను. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. ఎంసెట్ హాల్ టికెట్లు వచ్చిన రోజు, ఉదయం తొమ్మిదికే తలుపు దగ్గర పదిహేను మంది పిల్లలు. హాల్ టికెట్‌కి నలుపు ప్రింటు చాలు. పీసీలో నొక్కాను, మిషన్ కదల్లేదు. ముందు ప్యానెల్ మీద మెజెంటా లైటు ఆరుతూ వెలుగుతోంది. మూత తీసి ఆ కార్ట్‌రిడ్జ్ బయటకు లాగాను. రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ ఊపి మళ్లీ దిగ్గొట్టాను. లోపల మోటారు గిర్రున తిరిగింది, మళ్లీ అదే లైటు. నలుపు టోనర్ సగం పైనే ఉంది, అయినా మెజెంటా లేదని నలుపు పేజీ కూడా ఇవ్వనంది. కొన్ని మోడళ్ల పద్ధతే అది. ఒక అమ్మాయి "అంకుల్, బస్సు పోతుంది" అంటూ నిలబడి ఉంది. పక్క షాపుకి వెళ్లమ్మా అని నేనే పంపాను. ఆ రోజు పోయింది పదిహేను ప్రింట్ల డబ్బు కాదు, ఆ పిల్లలు మళ్లీ మా షాపుకి రాలేదు. అప్పటినుంచి షాపులో నలుపు మిషన్ వేరుగా ఉండాల్సిందే అని ఎవరు అడిగినా చెబుతున్నాను.

నలుపు అక్షరాల ప్రింటుకి కూడా రంగులు ఖర్చవుతాయి. వెబ్ పేజీలో నీలం లింకు ఒక్కటి ఉన్నా మిషన్‌కి అది కలర్ పేజీయే. ప్రింట్ సెట్టింగుల్లో గ్రేస్కేల్, అందులోనూ 'నలుపు మాత్రమే' అని ఉంటే అది ఎంచుకుని డీఫాల్ట్‌గా పెట్టేయండి. మిషన్ తనంతట తాను రంగులు సరిచూసుకున్నప్పుడల్లా కాస్త పౌడర్ పోతుంది. పొద్దున ఒక పేజీ, మధ్యాహ్నం ఒక పేజీ ఇచ్చే షాపులో ఈ వృథా ఎక్కువ.

రీఫిల్ చేయించుకుంటాం అంటారు. సికింద్రాబాద్‌లో సీటీసీ కంప్యూటర్ బజారులో అడిగితే చిప్పులూ పౌడరూ దొరుకుతాయి. కానీ కొన్ని కంపెనీలు బయటి చిప్ ఉన్న కార్ట్‌రిడ్జులను ఆపేసేలా మిషన్ సాఫ్ట్‌వేర్ రాస్తాయి. హెచ్‌పీ దాన్ని డైనమిక్ సెక్యూరిటీ అని పేరు పెట్టి మరీ చెబుతుంది. నిన్నటిదాకా ఆడిన కార్ట్‌రిడ్జ్ అప్‌డేట్ తర్వాత ఆడకపోవచ్చు. కొనేముందే ఆ మోడల్ మీద రీఫిల్ చేసే మనిషిని అడగండి, అమ్మే మనిషిని కాదు.

కరెంటు సంగతి. లేజర్‌లో పౌడర్‌ని కాగితానికి అంటించే ఫ్యూజర్ వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా చాలా కరెంటు లాగుతుంది. కంప్యూటర్‌కి పెట్టుకునే చిన్న యూపీఎస్‌కి దీన్ని తగిలించకూడదు. కరెంటు కోతలున్న ఊళ్లో ఇన్వర్టర్ పెంచుకోవాల్సి వస్తే ఆ ఖర్చూ ప్రింటర్ ఖాతాలోనే రాయాలి. కోస్తా వైపు వానాకాలంలో కాగితం కట్ట విప్పి వదిలేస్తే తేమ పట్టి మెలికపడి ఇరుక్కుంటుంది. ఇక వేగం: నేను చెప్పిన ఆ చిన్న మిషన్ నిమిషానికి నలుపు 18 పేజీలు ఇస్తుంది, రంగు 4 మాత్రమే. 40 పేజీల ప్రాజెక్టుకి పది నిమిషాలు, వెనక క్యూ.

రంగు పని ఎక్కువున్న షాపుకి ఇంక్ ట్యాంక్ మేలు. ఎప్సన్ ఎల్3110 వంటివాటికి నలుపు బాటిల్ 4,500 పేజీలు, రంగుల బాటిళ్ల సెట్టు 7,500 పేజీలు అని కంపెనీ లెక్క. మామూలు పేజీకి ఇంకు ఖర్చు రూపాయి లోపే. దానికీ తిప్పలున్నాయి: వారం వాడకపోతే హెడ్ మూసుకుపోవచ్చు, చెమట చెయ్యి తగిలితే రంగు చెదరొచ్చు. నెలకి యాభై రంగు పేజీలు, మిగతాదంతా నలుపు ఉండే ఆడిటర్ ఆఫీసుకో లాయర్ ఆఫీసుకో అయితే కలర్ లేజరే మంచిది. టోనర్ ఎండిపోదు, నీళ్లు పడినా అక్షరం చెదరదు, అక్కడ పేజీ ఖరీదు ఎవరూ అడగరు.

జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే మిషన్‌కీ టోనర్లకీ షాపు పేరు మీద బిల్లు తీసుకోండి, కట్టిన పన్ను క్రెడిట్ వస్తుంది. కంపోజిషన్ స్కీములో ఉన్నవాళ్లకి రాదు. వాళ్లు పన్నుతో కలిపిన ధరే లెక్కలో వేసుకోవాలి.

మావాడు చివరికి పాత 2900 ఒకటి, ఇంక్ ట్యాంక్ ఒకటి తీసుకున్నాడు. పేజీ నిండా ఫొటో ఉన్నదానికి వేరే రేటు పెట్టి గోడ మీద అంటించాడు. రోజూ షట్టర్ దించేముందు రెండు మిషన్ల కౌంటర్లూ చూసి, ఆ అంకెలని కాపీ పుస్తకంలో రాస్తున్నాడు. నెల తిరిగాక ఆ పుస్తకం ఫొటో నాకు పంపాడు: రంగు 412, నలుపు 3,860, కొత్తగా కొన్న ఇంకు బాటిళ్లు సున్నా.