గమ్యం చేరువలో

ప్రొద్దుటూరు బస్‌స్టేషనుకు జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల నుంచి బస్సులు వస్తుంటాయి. ప్లాట్‌ఫారం దగ్గరపడేకొద్దీ డ్రైవరు వేగం తగ్గిస్తాడు. బస్సును వెనుకకు తీసేటప్పుడు కండక్టరు ఈల వేస్తూ దారి చూపుతాడు. పదుల కిలోమీటర్ల ప్రయాణం కన్న చివరి రెండు మీటర్లకే ఎక్కువ జాగ్రత్త అవసరం.

డ్రైవరు లేని వాహనం ఇదే పని చేయాలంటే, కన్ను, చెవి చేసే పనిని సెన్సర్లు చేయాలి. వీటిలో చౌకైనది అతిధ్వని సెన్సరు. అది మన చెవికి వినిపించని ధ్వనిని పంపి, ఎదుటి గోడకు తగిలి వచ్చే ప్రతిధ్వనిని అందుకుంటుంది. ధ్వని వెళ్లి రావడానికి పట్టిన కాలాన్ని దాని వేగంతో గుణించి సగం చేస్తే దూరం తెలుస్తుంది. వేగం సెకనుకు 340 మీటర్లు అనుకుంటే, సెకనులో నూరవ వంతు కాలానికి దూరం 170 సెంటీమీటర్లు.

అయితే గాలి వేడెక్కితే ధ్వని వేగం పెరుగుతుంది. కడప జిల్లా వేసవిలో, 40 డిగ్రీల ఎండలో, అది సుమారు 355 మీటర్లకు చేరుతుంది. అప్పుడు అసలు దూరం 177 సెంటీమీటర్లకు పైమాటే. ప్లాట్‌ఫారాన్ని సరిగ్గా చేరవలసిన వాహనానికి ఈ తేడా చిన్నది కాదు. ఉష్ణోగ్రతను కొలిచే చిన్న సెన్సరును జతచేస్తే ఈ దోషం తొలగుతుంది. మెత్తని వస్తువులు, ఏటవాలు గోడలు ప్రతిధ్వనిని సరిగా తిప్పి పంపవు. అక్కడ కెమెరా తోడ్పడుతుంది. ఒకదాని లోపాన్ని మరొకటి పూరించడమే చౌక సెన్సర్ల వ్యవస్థలోని కీలకం. వాటి లెక్కలు పొసగకపోతే వాహనం ఆగిపోవాలి.

ఇట్టి జాగ్రత్త అంతరిక్షంలోనూ తప్పనిసరి. 2024 డిసెంబరు 30న ఇస్రో శ్రీహరికోట నుంచి ‘స్పేడెక్స్’ ప్రయోగంలో భాగంగా, ఒక్కొక్కటి సుమారు 220 కిలోల బరువున్న రెండు ఉపగ్రహాలను పంపింది. వాటిని అంతరిక్షంలో తమంతట తామే ఒకదానితో ఒకటి కలిసేటట్లు చేయడం దాని ఆశయం. అక్కడ గాలి లేదు గనుక ధ్వని ప్రయాణించదు. అందుచేత లేజర్ కిరణాలను, కెమెరాలను ఉపయోగించారు. 2025 జనవరి 7న జరగవలసిన అనుసంధానం రెండుసార్లు వాయిదా పడింది. జనవరి 12న ఉపగ్రహాలు పరీక్షగా మూడు మీటర్ల చేరువకు వచ్చి, తిరిగి సురక్షిత దూరానికి మళ్లాయి. ఆ సమాచారాన్ని శాస్త్రజ్ఞులు పరిశీలించారు. జనవరి 16న అవి కలిశాయి. ఈ విద్య సాధించిన నాలుగవ దేశంగా భారతదేశం నిలిచింది.

మూడు మీటర్ల దూరం నుంచి వెనుదిరగడం ఓటమి కాదు. ఆగమన్న ఈల వినగానే బస్సును ఆపే డ్రైవరు వివేకం అందులో ఉంది. ముందుకు సాగే శక్తితో పాటు, సందేహం కలిగినప్పుడు ఆగే నేర్పు కూడా ఉన్న యంత్రమే నమ్మదగినది.