రాతకూ ఒక పద్దు పుస్తకం

ఆంగ్ల నవలాకారుడు ఆంథొనీ ట్రాలప్ ఆత్మకథ ఆయన పోయిన మరుసటేడు, 1883లో అచ్చయింది. ఏ పుస్తకానికి ఎంత ముట్టిందో అందులో పట్టిక వేసి, చివర కూడి మరీ చూపించాడు: 68,939 పౌన్ల 17 షిల్లింగుల 5 పెన్నీలు. సాహిత్యాన్ని కొట్టు పద్దులా చూశాడని చాలామంది ముఖం చిట్లించారు.

ఆ మొత్తం చూసి కళ్లు తిప్పుకునే ముందు ఆయన తొలినాళ్ల సంగతి చదవాలి. 1847లో వచ్చిన తొలి నవలకు అప్పట్లో చిల్లిగవ్వ రాలేదు. మరుసటేడు రెండో నవల 375 ప్రతులు వేస్తే 140 అమ్ముడుపోయాయి. ప్రచురణకర్తకు 63 పౌన్లకు పైగా చేతిచమురు వదిలింది. మూడో నవలకు దక్కినవి 20 పౌన్లు. అన్నాళ్లూ ఇల్లు నడిపింది తపాలా శాఖ జీతమే. 1834లో గుమస్తాగా చేరిన ట్రాలప్ 1867లో గానీ ఆ ఉద్యోగం వదల్లేదు. అదీ, వదులుకోబోయే పెన్షనుకు సరిపడా రాబడి తన పొదుపు మీద వస్తుందని తేల్చుకున్నాకే!

మరి రాసిందెప్పుడు? తెల్లవారుజామున ఐదున్నరకల్లా బల్ల దగ్గర కూర్చునేవాడు. తనను లేపినందుకు పనివాడికి ఏడాదికి 5 పౌన్లు అదనంగా ఇచ్చేవాడు. మొదటి అరగంట నిన్నటి రాత చదువుకోవడం. ఆపైన గడియారం ఎదురుగా పెట్టుకుని పావుగంటకు 250 మాటలు. ఆఫీసు పని మీద తిరిగేటప్పుడు రైల్లోనూ రాసేవాడు. వారానికి ఎన్ని పేజీలయ్యాయో డైరీలో వేసుకునేవాడు. అలా తయారైనవి 47 నవలలు.

ఈ పద్ధతిలో వేగం కన్నా విలువైనది మరొకటుంది. వారంలో తన చేతి నుంచి ఎంత రాత వస్తుందో ఆయనకు తెలుసు. కనుక ఫలానా తేదీకి ఇస్తానని ధీమాగా మాట ఇవ్వగలిగాడు. ధారావాహిక వేసే సంపాదకుడికి అంతకు మించిన భరోసా ఏముంటుంది?

కడుపు నింపే రాత, మనసు నింపే రాత ఒకటే కానక్కర్లేదు. శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ పుస్తకంగా వచ్చింది 1950లో. హిందీ నుంచి తెలుగులోకి డబ్బింగ్ అయిన ‘ఆహుతి’కి ఆయన పాటలు రాసిందీ ఆ ఏడాదే. తెర మీద పెదవుల కదలికకు మాట అతకాలి. ఆ పని కూడా మహాకవి శ్రద్ధగానే చేశాడు.

ఒకే రచన పలు రూపాల్లో పాఠకులకు చేరడమూ ఉంది. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ ముందు పత్రికలో సీరియల్, తర్వాత పుస్తకం, 1976లో సినిమా. రూపం మారినప్పుడల్లా హక్కు ఎవరిదన్న ప్రశ్న వస్తుంది.

దానికి జవాబు 1957 నాటి భారత కాపీరైట్ చట్టంలో, 19వ సెక్షన్‌లో ఉంది. హక్కుల బదిలీ సంతకంతో, రాతపూర్వకంగా జరగాలి. గడువు రాయకపోతే అది ఐదేళ్లే. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. ఒప్పందంలో వేరే మాట లేకుంటే, ఏడాదిలోగా వాడుకోని హక్కు బదిలీ రద్దయినట్టే. 2012 సవరణతో, సినిమా పాట థియేటర్ బయట వినియోగమైనప్పుడు రాయల్టీలో సమాన వాటా పొందే హక్కు పాట రాసినవారికి దక్కింది.

ఇవన్నీ ఉన్నా, పారితోషికం ఎంత, ఎప్పుడిస్తారు, ఆడియో హక్కులూ వెబ్ సిరీస్ హక్కులూ ఎవరివి అని అడగడానికి మొహమాటపడే రచయితలకు కొదవలేదు. కథతోపాటే ఈ ప్రశ్నలూ పంపవచ్చు. జవాబు ఫోన్లో విని ఊరుకోకుండా రాతలో తెప్పించుకుంటే, డబ్బు ఆలస్యమైనప్పుడు గుర్తుచేయడానికి ఆధారం చేతిలో ఉంటుంది.