హలిదే ఎదిబ్: చదువు నుంచి చట్టసభ దాకా

1950లో తుర్కియే పార్లమెంటుకు ఇజ్మీర్ నుంచి ఒక రచయిత్రి ఎన్నికయ్యారు. అప్పటికి ఆమెకు అరవై దాటాయి. ఆమే హలిదే ఎదిబ్ అదివార్. ఆమె జీవితాన్ని మనం ప్రత్యేకంగా తెలుసుకోవాలి. ఎందుకంటే ఆ కథలో మన దేశ ముస్లిం దాతల చందాలకూ చోటుంది.

హలిదే 1884లో ఇస్తాంబుల్‌లో జన్మించారు. తండ్రి సుల్తాన్ అబ్దుల్ హమీద్ కొలువులో ఉద్యోగి. ఆయన కూతురిని అమెరికన్లు నడిపే బాలికల పాఠశాలలో చేర్పించారు. ముస్లిం ఆడపిల్ల అక్కడ చదవడం ఏలికలకు నచ్చలేదు. బడి మాన్పించక తప్పలేదు. అయినా ఆ తండ్రి చదువు మాత్రం మాన్పించలేదు. ఇంటికే గురువులను పిలిపించారు. తర్వాత ఆమె మళ్లీ అక్కడే చేరి 1901లో పట్టా అందుకున్నారు. ఆ సంస్థలో పట్టా పొందిన తొలి తరం తుర్కీ ముస్లిం యువతుల్లో ఆమె ఒకరు.

భర్త రెండో పెళ్లికి సిద్ధపడితే ఒప్పుకోక, 1910లో విడాకులు తీసుకున్నారు. ఇద్దరు కొడుకుల తల్లి. పత్రికలకు రాస్తూ, బాలికలకు పాఠాలు చెబుతూ నిలదొక్కుకున్నారు. స్త్రీల అభ్యున్నతికి ‘తఆలీ-ఎ-నిస్వాన్’ అనే సంఘం స్థాపించారు. 1912లో బాల్కన్ యుద్ధం రాగానే ఆ సంఘం స్త్రీలు గాయపడిన సైనికులకు సేవ చేశారు.

సరిగ్గా ఆ యుద్ధ సమయంలోనే భారత ముస్లింలు చందాలు పోగుచేసి, డాక్టర్ ఎం.ఎ. అన్సారీ నాయకత్వంలో ఒక వైద్య బృందాన్ని తుర్కీకి పంపారు. ఆ బంధం తెగిపోలేదు. 1935 ప్రారంభంలో హలిదే ఢిల్లీ వచ్చి అన్సారీ గారి ఇంట్లోనే అతిథిగా ఉన్నారు. చందాలతో నెట్టుకొస్తున్న జామియా మిల్లియా ఇస్లామియాలో ఉపన్యాసాలిచ్చారు. మన హైదరాబాద్‌నూ చూశారు. ఆ ప్రయాణ అనుభవాలను ‘ఇన్‌సైడ్ ఇండియా’ గ్రంథంగా రాశారు.

ఇక్కడ మనసును తాకే విషయం ఒకటుంది. 1919లో సుల్తాన్ అహ్మద్ మైదానంలో వేలాది జనం ముందు విదేశీ ఆక్రమణకు వ్యతిరేకంగా మాట్లాడిన ధీర ఆమె. స్వాతంత్ర్య యుద్ధంలో సైన్యంతో కలిసి నడిచారు. తర్వాత ముస్తఫా కమాల్‌తో అభిప్రాయ భేదాలు వచ్చి, భర్త అద్నాన్ గారితో దేశం విడిచారు. 1934 డిసెంబరు 5న తుర్కీ స్త్రీలకు పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వేసే, పోటీ చేసే హక్కు దక్కింది. 1935 ఫిబ్రవరి ఎన్నికల్లో 17 మంది స్త్రీలు గెలిచారు. వారిలో హలిదే లేరు. స్వదేశానికి దూరంగా ఉన్నారు. 1939లో తిరిగి వెళ్లి ఇస్తాంబుల్ విశ్వవిద్యాలయంలో ఆంగ్ల సాహిత్యం బోధించారు. చట్టసభలో కూర్చోవడానికి మరో పదకొండేళ్లు పట్టింది. 1954లో రాజకీయాల నుంచి తప్పుకున్నారు. 1964లో కన్నుమూశారు.

దీని నుంచి మనం గ్రహించవలసింది ఏమిటి? హక్కు చట్టంతో వస్తుంది. దాన్ని వాడుకునే శక్తి చదువుతో వస్తుంది. బడి తలుపు మూసినప్పుడు ఇంటి తలుపు తెరిచిన ఆ తండ్రి లేకపోతే, మైదానంలో ఆ గొంతు వినిపించేదే కాదు. ఫీజు కట్టలేక ఇంటర్‌తోనే ఆగిపోయే ఆడపిల్లలు నేడు మన వీధుల్లోనూ ఉన్నారు. దాతలారా, మీరిచ్చే జకాత్, సదఖా ఫలితం మన కళ్ల ముందే కనిపించకపోవచ్చు. 1912లో చందా ఇచ్చినవారు కూడా 1935ను ఊహించి ఇవ్వలేదు. ఇవ్వడం మన వంతు.