ఫ్రీజర్‌లో పిండం: పాణాతిపాతం అవుతుందా?



మారేడ్‌పల్లిలో ఒక ఆదివారం వందన అయిపోయి చాపలు చుడుతుంటే ఒక చెల్లె నన్ను పక్కకు పిలిచి ఒక కాగితం చూపించింది. నాలుగేళ్ల కింద ఆమె ఐవీఎఫ్ చేయించుకుంది. ఒక పాప పుట్టింది. ఇంకా మూడు పిండాలు ఆస్పత్రి ఫ్రీజర్‌లోనే ఉన్నాయి. ఫీజు కట్టి ఇంకో ఏడాది ఉంచుతారా, పరిశోధనకు ఇస్తారా, వద్దని వదిలేస్తారా, ఏదో ఒక గడిలో టిక్కు పెట్టి భార్యాభర్తలు సంతకాలు చేయాలని అందులో ఉంది. "అన్నా, మనం రోజూ పంచశీల చదువుతున్నం కదా. ఈ మూడో గడిలో టిక్కు పెడితే మొదటి శీలం తప్పినట్టేనా?" అని అడిగింది.

ఆ రోజు నేను సరిగా జవాబు చెప్పలేకపోయాను. చదివి చెప్తానన్నాను. ఈ నెల పాఠం ఆ ప్రశ్న మీదే.

ముందు ఆ ఫ్రీజర్‌లో ఏముందో తెలుసుకోవాలి. ఐవీఎఫ్‌లో స్త్రీకి ఇంజెక్షన్లు ఇచ్చి ఒకేసారి చాలా అండాలు తీస్తారు. వాటిని వీర్యకణాలతో బయట కలుపుతారు. ఐదో రోజు వచ్చేసరికి పిండం అంటే సుమారు వంద, అంతకు కొంచెం ఎక్కువ కణాల ముద్ద. మైక్రోస్కోపులో పెట్టి చూడాలి. గుండె లేదు, నరం లేదు. ఒకటో రెండో గర్భంలో పెట్టి, మిగిలినవి ద్రవ నైట్రోజన్‌లో, మైనస్ 196 డిగ్రీల చలిలో దాస్తారు. మళ్లీ బయటకు తీసినప్పుడు అన్నీ బతకవు. బతికినవన్నీ గర్భంలో నిలవవు. ఇది మన దేశానికి కొత్త కూడా కాదు. 1978 అక్టోబర్ 3న కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖర్జీ ప్రయోగంతో పుట్టిన పాప ఇట్లా దాచిన పిండం నుంచి పుట్టిందే. ప్రభుత్వ కమిటీ ఆయన మాట నమ్మలేదు. కళ్ల విభాగానికి బదిలీ చేశారు. 1981లో ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు. చచ్చిపోయాక గుర్తించారు. కొత్త మాట చెప్పినవాణ్ని ఈ దేశం ఎట్లా చూస్తుందో మనకు వేరే చెప్పాలా!

ఇంకో సంగతి. మన తెలుగులో పిండం అనే మాట రెండు చోట్ల వాడతాం. కడుపులో పెరిగేదీ పిండమే, చచ్చినవాళ్ల పేరున కాకులకు పెట్టేదీ పిండమే. ఈ రెండింటికీ బ్రాహ్మణ ధర్మం ముడి వేసింది. కొడుకు లేకపోతే పిండం పెట్టేవాడుండడు, పున్నామ నరకం తప్పదు అన్నది. ఆ భయమే ఆడమనిషిని గొడ్రాలు అనిపించింది, శుభకార్యాల్లో వెనక్కి నిలబెట్టింది. 2019 సెప్టెంబర్ 5న గుంటూరులో తూర్పు గోదావరి జిల్లాకు చెందిన ఒక తల్లి, డెబ్బై ఏళ్లు దాటినాక, దాత అండంతో ఐవీఎఫ్ చేయించుకుని కవల ఆడపిల్లల్ని కన్నది. జీవితమంతా ఊరివాళ్ల దెప్పిపొడుపులు పడ్డానని ఆమే చెప్పుకుంది. ఆ వయసులో ఆ ఆపరేషన్‌కు ఆమెను తోసింది ఏమిటో ఆలోచించండి. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లో శ్రాద్ధం పెట్టను, పిండదానం చేయను అన్నది ఒకటి. ఆ ప్రతిజ్ఞ తీసుకున్న ఇంట్లో బిడ్డ కావాలనుకోవడం కోరికే గానీ తీర్చాల్సిన బాకీ కాదు. పిల్లలు కలగకపోవడం పోయిన జన్మ పాపం అనేవాళ్లకూ జవాబు ఉంది. గత జన్మ కర్మే ఈ జన్మ రాతను నడుపుతుందన్న మాటను బాబాసాహెబ్ ‘బుద్ధుడు – ఆయన ధమ్మం’లో ఒప్పుకోలేదు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. ఆ పిండం మనిషా, వస్తువా?

అమెరికాలో ఈ గొడవ కోర్టులకెక్కింది. టెనెస్సీ రాష్ట్రంలో ఒక జంట విడాకులు తీసుకుంది. ఏడు పిండాలు ఫ్రీజర్‌లో మిగిలాయి. భార్య వేరే జంటకు ఇస్తానంది, భర్త వద్దన్నాడు. 1992లో అక్కడి సుప్రీంకోర్టు, పిండం మనిషి కాదు, ఆస్తీ కాదు, మనిషి కాగల అవకాశం ఉన్నందున ప్రత్యేక గౌరవం ఇవ్వాల్సినది అన్నది. తండ్రి కావడం ఇష్టం లేని భర్త పక్షాన తీర్పు చెప్పింది. ముప్పై ఏళ్ల తర్వాత, 2024 ఫిబ్రవరి 16న, అలబామా సుప్రీంకోర్టు దీనికి పూర్తిగా ఎదురు తిరిగింది. 2020లో మొబైల్ పట్టణంలో ఒక రోగి నిల్వ గదిలోకి వెళ్లి పిండాలను చేత్తో పట్టుకుని, చలికి చెయ్యి కాలి కింద పడేశాడు. ఆ తల్లిదండ్రులు వేసిన కేసులో, ఫ్రీజర్‌లో ఉన్న పిండాలు కూడా పిల్లలే అని తీర్పొచ్చింది. ప్రధాన న్యాయమూర్తి తన తీర్పులో దేవుణ్ని, బైబిల్‌ను కూడా తెచ్చాడు. దాంతో ఐవీఎఫ్ క్లినిక్‌లు పని ఆపేశాయి. చికిత్స సగంలో ఉన్న ఆడవాళ్లు రోడ్డున పడ్డారు. మార్చిలో అక్కడి శాసనసభ క్లినిక్‌లకు రక్షణ ఇస్తూ హడావుడిగా చట్టం చేయాల్సి వచ్చింది.

అక్కడి వాదనకు మూలం ఆత్మ. దేవుడు ఆత్మను ఎప్పుడు పెట్టాడు అన్నదే వాళ్ల లెక్క. మనకు దేవుడూ లేడు, ఆత్మా లేదు. అనత్తను నమ్మేవాడు ఆ ప్రశ్నను అట్లాగే అరువు తెచ్చుకోలేడు.

అంతమాత్రాన మన గ్రంథాలు పిండాన్ని తేలిగ్గా తీసుకున్నాయని అనుకోవద్దు. వినయంలో మూడో పారాజిక ఉంది. మనిషిని చంపిన భిక్ఖువు సంఘంలో ఉండటానికి వీల్లేదు. అక్కడ మనిషి అంటే ఎవరో కూడా చెప్పారు: తల్లి కడుపులో మొదటి చిత్తం పుట్టిన దగ్గర్నుంచి మరణం దాకా. గర్భం తీయించిన భిక్ఖువుకూ అదే శిక్ష. సంయుత్త నికాయంలో ఇందక సుత్త ఉంది. శరీరం ఎట్లా తయారవుతుందని ఇందకుడు అనే యక్షుడు అడిగితే, బుద్ధుడు కలలం, అబ్బుదం, పేసి, ఘనం అని దశలు చెప్పి, తల్లి తినే తిండితోనే బిడ్డ పెరుగుతుందని ముగించాడు. ఆత్మ ఎప్పుడు దూరిందో చెప్పలేదు. తిండి సంగతి చెప్పాడు! నాకు ఈ సుత్తంలో నచ్చింది అదే.

ఈ రెండు చోట్లా తల్లి కడుపు ఉందని గమనించండి. తల్లి లేకుండా, డబ్బాలో, ఏళ్ల తరబడి ఆగిపోయిన కలలాన్ని ఆ కాలంలో ఎవరూ ఊహించలేదు. అందుకే ఇప్పటి బౌద్ధుల్లో ఏకాభిప్రాయం లేదు. డామియన్ కియోన్ అనే పండితుడు 1995లో వచ్చిన తన పుస్తకంలో అండం ఫలించగానే ప్రాణం మొదలైనట్టే, పిండాలను పారేసే పద్ధతి శీలానికి విరుద్ధం అని వాదించాడు. ఆ వాదనను గౌరవించాలి, చదవాలి. నేను మాత్రం ఒప్పుకోలేను, ఎందుకో చెప్తాను.

పాణాతిపాతం పూర్తి కావాలంటే ఐదు అంగాలు ఉండాలని అట్ఠకథలు చెప్తాయి. ప్రాణి ఉండాలి, అది ప్రాణి అని తెలియాలి, చంపాలనే చిత్తం ఉండాలి, అందుకు ప్రయత్నం జరగాలి, దానివల్ల చావాలి. ఆ చెల్లె విషయంలో మొదటి అంగం దగ్గరే సందేహం ఉంది. కాయం ఉన్నచోట విఞ్ఞాణం దానితో పాటు ఉంటుందని బాబాసాహెబ్ వివరిస్తూ, విద్యుత్తు ఉన్నచోట అయస్కాంత క్షేత్రం పుట్టడాన్ని పోలికగా చెప్పాడు. మరి నరం కూడా లేని వంద కణాలను కాయం అనొచ్చా? విత్తనం చెట్టు అవుతుందేమో గానీ ఇప్పుడు చెట్టు కాదు. మూడో అంగం ఇంకా ముఖ్యం. అహింస గురించి రాస్తూ బాబాసాహెబ్ చంపాలన్న ఇచ్ఛను, అవసరాన్ని వేరు చేశాడు. అహింస ఒక సూత్రం, గుడ్డిగా పాటించే నియమం కాదన్నాడు. ఒక పాపను ప్రేమగా పెంచుకుంటూ, ఇంకో కాన్పు వద్దని నిర్ణయించుకున్న తల్లి మనసులో వధకచిత్తం ఎక్కడుంది? 1938లో బొంబాయి శాసనసభలో ఆయన పార్టీ తరఫున పి.జె. రోహమ్ సంతాన నియంత్రణ తీర్మానం పెట్టారు. కనాలా వద్దా అన్నది స్త్రీ చేతిలో ఉండాలన్నది ఆనాడే మన ఉద్యమం మాట.

కాబట్టి చెల్లెకు నా జవాబు: శీలం తప్పదు. అయితే అది చెత్త కూడా కాదు. చూసి, ఆలోచించి, ఇద్దరూ మాట్లాడుకుని చేసే పని. పరిశోధనకు ఇస్తే దానం అవుతుంది, అదీ మంచిదే. భయంతోనో మమకారంతోనో ఏటేటా ఫీజు కడుతూ పోవడం మాత్రం దుక్ఖాన్ని వాయిదా వేయడమే.

మన చట్టం కూడా దాదాపు ఈ మధ్యేమార్గంలోనే ఉంది. 2022 జనవరి 25 నుంచి అమల్లోకి వచ్చిన ఏఆర్‌టీ చట్టం ప్రకారం పిండాన్ని పదేళ్లకు మించి దాచకూడదు. తర్వాత నశించనివ్వాలి, లేదా దంపతుల సమ్మతితో నమోదైన పరిశోధన సంస్థకు ఇవ్వాలి. అమ్మకం నిషేధం. ఇద్దరిలో ఒకరు చనిపోతే, లేదా నిర్ణయం చెప్పలేని స్థితిలో పడితే ఏం చేయాలో ముందే రాతపూర్వకంగా తీసుకోకుండా పిండాన్ని దాచడానికి వీల్లేదు. గర్భంలో పెట్టేలోపు ఇద్దరిలో ఎవరైనా సమ్మతి వెనక్కి తీసుకోవచ్చు. 2025 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు, కొత్త చట్టాలు రాకముందే పిండాలు దాచుకుని సరోగసీ మొదలుపెట్టిన జంటలకు వయసు పరిమితి వర్తించదని చెప్పింది. అక్కడ కూడా కోర్టు చూసింది ఆ దంపతుల హక్కునే గానీ పిండానికి ఆత్మ ఉందా అని కాదు.

ఇంత చెప్పాక మన ఇంటి దగ్గరి సంగతి చెప్పకపోతే తప్పు. 2025 జులైలో సికింద్రాబాద్‌లో ఒక ఫెర్టిలిటీ కేంద్రం మీద గోపాలపురం పోలీసులు కేసు పెట్టారు. పోలీసులు చెప్పినదాన్ని బట్టి, ఐవీఎఫ్ కోసం వచ్చిన ఒక జంటకు, మీ అండం, మీ వీర్యంతోనే పిండం చేసి సరోగేట్ తల్లి గర్భంలో పెట్టామని చెప్పి 30 లక్షలకు పైగా తీసుకున్నారు. బిడ్డను చేతికిచ్చారు. డీఎన్ఏ పరీక్ష చేయిస్తే ఆ బిడ్డకూ వీళ్లకూ సంబంధం లేదు. అస్సాం నుంచి వచ్చిన ఒక పేద జంట బిడ్డను, లక్ష కూడా కాని డబ్బుకు కొన్నారట. నేరం ఎవరిదో కోర్టు తేల్చాలి. కానీ ఒకటి చూడండి. ఆ వ్యవహారంలో పిండం అన్నదే లేదు, దాని పేరు మాత్రం ఉంది. ఆ పేరు చాటున చేతులు మారింది ఊపిరి తీసే పసిబిడ్డ. పిండానికి ఆత్మ ఉందా అని ఎంత వాదించుకున్నా, ఆ పసిబిడ్డ, ఆ కన్నతల్లి మన లెక్కలోకి రాకపోతే ఆ వాదన ఎవరికి పనికొస్తుంది?

మన బస్తీల ఆడవాళ్ల దగ్గరికి కూడా ఏజెంట్లు వస్తారు. అండం ఇస్తే డబ్బు ఇప్పిస్తామంటారు. చట్టం ప్రకారం దాత వయసు 23 నుంచి 35 మధ్య ఉండాలి, జీవితంలో ఒక్కసారే ఇవ్వాలి, ఏడు అండాలకు మించి తీయకూడదు, దాతకు ఇన్సూరెన్స్ ఉండాలి. అప్పు కోసం పేరు మార్చుకుని రెండోసారి, మూడోసారి వెళ్లమనే ఏజెంటును ఇంటి గడప దాటనీయొద్దు. ఆ ఇంజెక్షన్ల వల్ల ఒళ్లు పాడైతే చూసేది ఏజెంటు కాదు. ఇంకా సిగ్గుచేటు, దాత కులం ఏమిటని అడిగే జంటలున్నారు. మైనస్ 196 డిగ్రీల్లో కూడా కులం గడ్డకట్టకుండా బతికే ఉంది చూడండి! మనవాళ్లు ఎవరైనా ఆ ప్రశ్న అడిగితే, 22 ప్రతిజ్ఞలు మళ్లీ మొదట్నుంచి చదివించండి.

ఇట్లాంటి కాగితం మీ ఇంట్లో ఎవరికైనా వస్తే ముందు తెలుగులో చదివించుకోండి. ఇద్దరూ కూర్చున్నాకే సంతకం చేయండి. కేంద్రానికి ఏఆర్‌టీ చట్టం కింద నమోదు ఉందో లేదో అడగండి, నకలు మీ దగ్గర పెట్టుకోండి. ఎన్ని పిండాలు, ఏ తేదీన దాచారు, అందులో ఉండాలి.

ఆ చెల్లె కాగితం మీద ఇంకా సంతకం కాలేదు. ఈ పాఠం అచ్చుకు ఇచ్చేముందు ఆమెకు చదివి వినిపించాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఇది మా ఆయన కూడా వినాలె అన్నా. వచ్చే ఆదివారం తోలుకొస్తా" అన్నది.