బిందువు రేఖ మీద ఉందా? సున్నాయే సాక్ష్యం

1637లో రెనె డెకార్ట్ ‘లా జామెట్రీ’ వెలువడ్డాక ఆకారాల ప్రశ్నలను సమీకరణాలుగా మార్చి తేల్చడం గణితంలో క్రమంగా స్థిరపడింది. బిందువు సరళరేఖపై ఉందో లేదో చూడటం అందులో అతి చిన్న పని. నిరూపకాలను సమీకరణంలో ప్రతిక్షేపిస్తే ఎడమవైపు సున్నా రావాలి. 3ఎక్స్ - 4వై + 5 = 0 రేఖకు (9, 8) ఇస్తే 27 - 32 + 5 = 0, ఉంది. (100, 76) ఇస్తే 300 - 304 + 5 = 1, లేదు. గ్రాఫ్ గీస్తే సరిపోదా అనేవారికి ఈ రెండో బిందువే జవాబు. రేఖ నుంచి దాని దూరం 0.2 యూనిట్లే (ఆ 1ని, 3, 4 వర్గాల మొత్తానికి వర్గమూలమైన 5తో భాగించాం). వంద యూనిట్లు పట్టే గ్రాఫ్‌లో పెన్సిల్ గీత మందమే దాన్ని మింగేస్తుంది. పైగా ఆ 1 వృథా కాదు: మూలబిందువుకు +5, దీనికి +1. గుర్తు ఒకటే కనుక రెండూ రేఖకు ఒకే వైపున ఉన్నాయి.

వాలులు పోల్చడం ఇంకా త్వరగా అవుతుందంటారు. మూడు బిందువులు సరేఖీయాలా అన్న ప్రశ్నలో చాలాసార్లు అది నిజమే. కానీ (2, 1), (2, 5), (2, 9) ఇస్తే హారం సున్నా అయి వాలు నిర్వచితం కాకుండా పోతుంది. ఎక్స్ = 2 అని రాసుకుంటే మూడూ దానిపైనే ఉన్నాయని ఇట్టే తెలుస్తుంది. రేఖ సమీకరణం ప్రశ్నలోనే ఇస్తే వాలు జోలికి వెళ్లకండి. నేరుగా ప్రతిక్షేపించి, ఋణ గుర్తులను ఒకసారి సరిచూసుకోండి.