బడి అడిగే ప్రతి వివరానికీ ఒక కారణం ఉండాలి

పిల్లల్ని బడిలో చేర్చే రోజు తల్లిదండ్రులు పెట్టే సంతకం చట్టపరంగా చాలా బలహీనమైనది. సీటు కావాలి. దరఖాస్తులో ఏ గడి ఖాళీగా వదిలినా ఆఫీసులో తిప్పి పంపేస్తారు. అలాంటి చోట పెట్టిన సంతకాన్ని ఇష్టపూర్వక సమ్మతి అనడం కష్టం. అయినా పిల్లల వివరాల మీద వివాదం వచ్చినప్పుడల్లా యాజమాన్యం బయటికి తీసేది ఆ కాగితాన్నే. ‘మీరే ఒప్పుకున్నారు కదా’ అంటారు, తల్లిదండ్రులు కూడా నిజమే కాబోలని వెనక్కి తగ్గుతారు. ఆ క్షణంలో అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఈ వివరం మీకెందుకు? దాంతో పనైపోయాక ఏం చేస్తారు? సంతకం ఉందా లేదా అన్నదాని కన్నా ఈ రెండు ప్రశ్నలే పిల్లవాడికి ఎక్కువ రక్షణ ఇస్తాయి. సుప్రీంకోర్టు తీర్పులు, కొత్త డేటా చట్టం చదివితే తేలేది అదే.

ఓ మామూలు ప్రైవేటు బడి దగ్గర ఒక్కో విద్యార్థి గురించి ఎంత సమాచారం పోగవుతుందో చాలామంది ఆలోచించరు. పుట్టిన తేదీ, కులం, మతం, ఆధార్, తల్లిదండ్రుల ఉద్యోగం, ఆదాయం, ఫోన్ నంబర్లు, బ్యాంకు ఖాతా, బ్లడ్ గ్రూపు, పాత జబ్బులు, మార్కులు, హాజరు, బస్సెక్కే స్టాపు, వార్షికోత్సవం ఫొటోలు. వీటిలో కొన్ని రిజిస్టర్లో, కొన్ని ఎక్సెల్ షీటులో, కొన్ని ఏదో కంపెనీ అమ్మిన స్కూల్ యాప్‌లో, మిగిలినవి క్లాస్ టీచరు సొంత ఫోన్లోని వాట్సాప్ గ్రూపులో ఉంటాయి. పదో తరగతి పరీక్షలు పూర్తి కాకముందే జూనియర్ కాలేజీల పీఆర్వోలు ఫోన్ చేసి, పిల్లవాడి పేరూ బడి పేరూ చెప్పి మరీ సీటు సంగతి ఎత్తడం తెలుగు రాష్ట్రాల్లో ఏటా జరిగే తంతు. ఆ నంబరు ఎవరో ఒకరి చేతి నుంచి జారితేనే కదా వాళ్లకు చేరింది! ప్రభుత్వ వ్యవస్థలు ఇంతకన్నా భద్రంగా ఉన్నాయనీ అనలేం. కేంద్రం బడి పాఠాల కోసం నడిపే దీక్షా యాప్‌కు చెందిన ఓ క్లౌడ్ సర్వర్‌కు రక్షణ లేకపోవడంతో పది లక్షలకు పైగా టీచర్ల వివరాలు, దాదాపు ఆరు లక్షల మంది విద్యార్థుల వివరాలు బయటికి కనిపించాయని 2023 జనవరిలో వైర్డ్ పత్రిక రాసింది.

వ్యక్తిగత గోప్యత రాజ్యాంగం 21వ అధికరణంలో భాగమని తొమ్మిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం పుట్టస్వామి కేసులో 2017 ఆగస్టు 24న తేల్చింది. మరుసటి ఏడాది సెప్టెంబర్ 26న వచ్చిన ఆధార్ తీర్పులో పిల్లల గురించి ప్రత్యేకంగా ఓ భాగం ఉంది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల వరకు చదువు 21-ఏ కింద ప్రాథమిక హక్కు. కాబట్టి బడిలో చేరడం ప్రభుత్వం ఇచ్చే సబ్సిడీ కిందికి గానీ సేవ కిందికి గానీ రాదు, దానికి ఆధార్‌ను తప్పనిసరి చేయకూడదు అని న్యాయస్థానం చెప్పింది. పిల్లలకు ఆధార్ తీయాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలని, పెద్దయ్యాక వద్దనుకుంటే అందులోంచి తప్పుకునే వీలుండాలని కూడా చెప్పింది. 2019లో ఆధార్ చట్టానికి చేర్చిన 3ఏ సెక్షన్ ఆ మాటను చట్టంగా మార్చింది. పద్దెనిమిదేళ్లు నిండిన ఆరు నెలల్లోగా రద్దు కోరవచ్చు. ఆధార్ చూపలేకపోయారన్న కారణంతో ఏ బిడ్డకూ పథకం ఆపకూడదు. కేంద్రం విద్యార్థులకు ఇచ్చే పన్నెండంకెల అపార్ ఐడీకీ ఇదే సూత్రం వర్తిస్తుంది. అది స్వచ్ఛందమేనని కేంద్రం చెబుతూ వస్తోంది, సమ్మతి పత్రం తల్లిదండ్రుల పేరు మీదే ఉంటుంది. నూటికి నూరు శాతం లక్ష్యం పెట్టి హెడ్‌మాస్టర్ల మీద ఒత్తిడి తెస్తే ఆ స్వచ్ఛందం ఎంతసేపు నిలుస్తుందన్నది వేరే సంగతి.

సమ్మతిలోని ఈ లోపాన్ని స్వీడన్ బాగా బయటపెట్టింది. అక్కడి షెలెఫ్తియో పట్టణంలో ఓ ఉన్నత పాఠశాల 22 మంది విద్యార్థుల హాజరును కొన్ని వారాలపాటు ముఖ గుర్తింపు కెమెరాతో తీసుకుంది. సమ్మతి తీసుకునే చేశామని వాదించింది. బడి ముందు విద్యార్థి సమ ఉజ్జీ కాదు కాబట్టి ఆ సమ్మతి చెల్లదని, పేర్లు పిలిచి తీసుకోగల హాజరుకు ముఖం కొలతలు అక్కర్లేదని 2019 ఆగస్టులో డేటా రక్షణ అధికారులు 2 లక్షల క్రోనార్ల జరిమానా వేశారు. మన దేశంలో ఇలాంటి ఆలోచన కోచింగ్ సెంటర్ల విషయంలో కనిపిస్తుంది. ఫలితాలొచ్చిన మర్నాడు ఏ చౌరస్తాలో చూసినా ర్యాంకర్ల ముఖాలతో ఫ్లెక్సీలు, పత్రికల మొదటి పేజీ నిండా ఫొటోలు, హాల్‌టికెట్ నంబర్లు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబర్‌లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం కోచింగ్ సంస్థ ఓ విద్యార్థి పేరునో ఫొటోనో ప్రకటనలో వాడాలంటే రాతపూర్వక సమ్మతి ఉండాలి, అదీ ఆ విద్యార్థి విజయం సాధించిన తర్వాత తీసుకున్నదై ఉండాలి. చేరేనాడు అన్ని కాగితాలతో కలిపి తీసుకున్న సంతకం పనికిరాదన్నమాట. బడుల విషయంలోనూ ఇంత స్పష్టంగా ఒక్క వాక్యం రాసి ఉంటే బాగుండేది.

2023 ఆగస్టులో రాష్ట్రపతి ఆమోదం పొందిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం బడులను పేరు పెట్టి ప్రస్తావించకపోయినా, పిల్లల వివరాలు కంప్యూటర్లోనో ఫోన్లోనో ఉంచే ప్రతి బడీ దాని పరిధిలోకి వస్తుంది. పద్దెనిమిదేళ్ల లోపు అందరూ అందులో పిల్లలే, ఇంటర్ చదివేవాళ్లతో సహా. ఆరో సెక్షన్ సమ్మతిని అవసరానికి ముడిపెట్టింది. చట్టంలోనే ఓ ఉదాహరణ ఉంది. ఫోన్లో వైద్య సలహా ఇచ్చే యాప్ మీ కాంటాక్టుల జాబితా కూడా అడిగిందనుకోండి, మీరు ‘సరే’ నొక్కినా ఆ జాబితా విషయంలో ఆ సమ్మతి చెల్లదు, ఎందుకంటే వైద్యానికి అది అక్కర్లేదు. దీన్నే బడికి అన్వయిస్తే, అత్యవసరంలో పిలవడానికి ఇచ్చిన నంబరును ట్యూషన్ యాప్ కంపెనీకి ఇవ్వడానికి ఏ సంతకమూ సరిపోదు. ఏ వివరం ఎందుకు తీసుకుంటున్నారో చెప్పే నోటీసును తెలుగులో చదువుకునే అవకాశం ఇవ్వాలి. నోటీసు ఇచ్చామని, సమ్మతి తీసుకున్నామని రుజువు చేయాల్సిన భారం బడిదే. చట్టం అమల్లోకి రాకముందు తీసుకున్న వివరాలకు కూడా వీలైనంత త్వరగా నోటీసు పంపాలి. ‘యాప్ వేరే కంపెనీది, మాకు సంబంధం లేదు’ అన్న జవాబు ఎనిమిదో సెక్షన్ ముందు నిలవదు, బాధ్యత బడి మీదే ఉంటుంది. భద్రతా చర్యల్లో నిర్లక్ష్యానికి 250 కోట్ల వరకు, పిల్లల విషయంలోని నిబంధనలు మీరితే 200 కోట్ల వరకు జరిమానా పడవచ్చు.

బడులకు మినహాయింపు ఇచ్చారు కదా అని ఒక అభ్యంతరం వినిపిస్తుంది. నిజమే. పిల్లల ప్రవర్తనను, కదలికలను గమనించకూడదని తొమ్మిదో సెక్షన్ చెబితే, ఈ చట్టం కింద 2025 నవంబర్‌లో వచ్చిన నియమాల నాలుగో షెడ్యూలు విద్యాసంస్థలకు రెండు పనుల కోసం సడలింపు ఇచ్చింది. ఒకటి ఆ సంస్థ విద్యా కార్యకలాపాలు, రెండోది అక్కడ చదివే పిల్లల భద్రత. బస్సులో జీపీఎస్, గేటు దగ్గర సీసీ కెమెరా ఈ హద్దులోకి వస్తాయి, రావాలి కూడా. పిల్ల ఇంటికి చేరిందో లేదో తెలుసుకోవాలనుకునే తల్లికి గోప్యత గురించి పాఠం చెప్పనక్కర్లేదు. అయితే ఆ మినహాయింపు ఈ రెండు పనుల గడప దాటదు. కెమెరా దృశ్యాన్ని ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రచారానికి పెట్టడం, మార్కుల సరళి చూసి పిల్లవాడికి ఏ కోర్సు అమ్మాలో ఎవరికో చెప్పడం దాని కిందికి రావు. పిల్లల శ్రేయస్సుకు హాని చేసే వాడకం మీద నిషేధం, భద్రంగా దాచాల్సిన బాధ్యత మినహాయింపు ఉన్నా అలాగే ఉంటాయి. ముఖ గుర్తింపు హాజరు మీద నాకున్న అనుమానం ఇక్కడే మొదలవుతుంది. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో విద్యార్థులకు దాన్ని తెచ్చారు. దొంగ హాజర్లు పట్టుకోవడానికి అన్నారు. ఆ సమస్య లేదని కాదు. కానీ పాస్‌వర్డు పోతే మార్చుకోవచ్చు, ముఖం మార్చుకోలేం. ఆరేళ్ల పిల్ల ముఖం కొలతలు ఏ సర్వర్లో, ఎన్నేళ్లు ఉంటాయో చెప్పే కాగితం తల్లిదండ్రుల చేతికి ఇవ్వకుండా ఈ పని చేయకూడదు.

ప్రభుత్వ బడుల గురించి ఇంకో మాట చెప్పాలి. పథకాల కోసం ప్రభుత్వం తీసుకునే వివరాలకు డేటా చట్టం సమ్మతి లేకుండానే దారి ఇచ్చింది. పని ముగిశాక వివరాలు చెరిపేయాలన్న నిబంధన ప్రభుత్వానికి వర్తించదని 17వ సెక్షన్ చెబుతోంది. అంటే పేద పిల్లలు చదివే బడిలో రక్షణ తక్కువ, ఫీజు కట్టే బడిలో ఎక్కువ. పాలన సౌలభ్యం కోసమని దీన్ని సమర్థించే వాదన ఉంది, నేను ఒప్పుకోలేకపోతున్నాను. రిజిస్టర్లు, ధ్రువపత్రాలు ఉంచాల్సిందే, పాతికేళ్ల తర్వాత టీసీ నకలు కావాలని వచ్చేవాళ్లుంటారు. కానీ శాశ్వతంగా ఉండాల్సినవి ఏవో చెప్పి, మిగిలినవి చెరపమనడం కష్టమైన పనేమీ కాదు. ఇక చిన్న బడులకు ఇదంతా భారం కాదా అనేవాళ్లున్నారు. తాళాలూ సాఫ్ట్‌వేర్లూ ఖరీదే. అడగకపోవడానికి మాత్రం పైసా ఖర్చు లేదు. తల్లిదండ్రుల డిగ్రీలు, జీతాలు అడిగే గడులు దరఖాస్తు నుంచి తీసేస్తే ఆ బడి దాచాల్సింది తగ్గుతుంది. పైగా ఆ వివరాలు చూసి సీటు ఇవ్వడం విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ కింద నిషేధం, మొదటిసారికి 25 వేల రూపాయల వరకు జరిమానా.

కొత్త చట్టంలోని ప్రధాన భాగాలు నియమాలు వచ్చిన పద్దెనిమిది నెలలకు, అంటే 2027 మేలో అమల్లోకి వస్తాయి. అప్పటిదాకా సమాచార సాంకేతిక చట్టం 43ఏ సెక్షన్ ఉంది. వేలిముద్రలు, ముఖం కొలతల వంటివి, ఆరోగ్య వివరాలు, బ్యాంకు వివరాలు సంస్థ నిర్లక్ష్యం వల్ల బయటపడి నష్టం జరిగితే రాష్ట్ర ఐటీ కార్యదర్శి ముందు పరిహారం కోరవచ్చు. ఉత్త ఫోన్ నంబరు మాత్రం ఆ జాబితాలో లేదు. కొత్త చట్టంలోని ఆ భాగాలు అమల్లోకి రాగానే 43ఏ తొలగిపోతుంది. దాని చోట బాధితులకు పరిహారం ఇచ్చే నిబంధన లేదు, వసూలైన జరిమానా మొత్తం కేంద్ర సంచిత నిధికి వెళ్తుంది. చట్టంలో నాకు కనిపించే పెద్ద లోటు ఇదే. కొత్త చట్టం కింద ఫిర్యాదు ముందు బడికే ఇవ్వాలి, అక్కడ పరిష్కారం కాకపోతే డేటా రక్షణ బోర్డుకు ఆన్‌లైన్లో వెళ్లవచ్చు. ఫీజు బాకీ పేర్లు క్లాసులో చదవడం, గ్రూపులో పెట్టడం లాంటివి జరిగితే అప్పటిదాకా ఆగనక్కర్లేదు. అది విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించిన మానసిక వేధింపు కిందికి వస్తుందని వాదిస్తూ రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు రాయవచ్చు. బిడ్డ మీద కక్ష కడతారేమోనన్న భయం ఉంటే నలుగురైదుగురు తల్లిదండ్రులు కలిసి ఒకే లేఖ ఇవ్వండి. మా పిల్లల గురించి మీ దగ్గర ఏయే వివరాలున్నాయి, ఎందుకు తీసుకున్నారు, ఎవరికిచ్చారు, ఎప్పుడు చెరుపుతారు అని నాలుగే ప్రశ్నలు రాయండి. నకలు మీద తేదీతో బడి ముద్ర వేయించుకుని దగ్గర ఉంచుకోండి.